రాజ్యలక్ష్మి మేడం చేతులు

మొన్న మా విభాగంలో స్కానర్ మొరాయించింది. నోట్లో చిన్న కర్రలాంటిది తిప్పితే పళ్లన్నీ కంప్యూటర్ తెర మీద బొమ్మ కట్టే యంత్రం అది. దాన్ని బాగుచేసే మనిషి హైదరాబాద్ నుంచి రావాలి. ఆయనేమో ట్రాఫిక్‌లో ఉన్నానంటాడు, పేషెంటేమో జిన్నారం నుంచి బస్సు మారి వచ్చి కూర్చుంది. "పాత పద్ధతిలో అచ్చు తీయండి" అన్నాను. నా జూనియర్ నిఖిల బిక్కముఖం వేసింది. ప్లాస్టర్ కలపడం గురించి ఆ పిల్ల పుస్తకంలో చదివిందే గాని చేత్తో చేయలేదు. విసుక్కుంటూ నేనే చేతులు కడుక్కుని దిగాను. గులాబీ రంగు ముద్దతో అచ్చు తీసి, అందులో ప్లాస్టర్ పోసి, పాత అలవాటు కొద్దీ అరచేతిలో పట్టుకుని నిలబడ్డాను. కాసేపటికి అది వెచ్చబడింది. ప్లాస్టర్ గట్టిపడేటప్పుడు దానంతటదే వేడెక్కుతుంది, తర్వాత చల్లారుతుంది. పళ్ల డాక్టర్లందరికీ తెలిసిన సంగతే ఇది. కానీ ఆ వెచ్చదనం నా చేతికి తగిలి ఎన్నేళ్లయిందో! "తొందరపడకమ్మా. అది వేడెక్కాలి, చల్లారాలి, సరేనని నీతో అనాలి. అప్పుడు విప్పు" అని చెవి పక్కనే ఎవరో అన్నట్టయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఏమైంది మేడం?" అని నిఖిల అడిగితే, కంట్లో పొడి పడిందన్నాను.

ఆ మాట రాజ్యలక్ష్మి మేడంది. మీలో ఎవరూ ఆమెను చూసి ఉండరు. ఆమె పెద్ద పెద్ద పుస్తకాలు రాయలేదు, పేపర్లలో ఫొటోలు పడలేదు. పటాన్‌చెరు దాటి సంగారెడ్డి వైపు వెళ్లే దారిలో, హైవే పక్కన ఉన్న మా డెంటల్ కాలేజీలో, వంకర పళ్లు సరిచేసే విభాగానికి హెడ్‌గా ఉండేవారు. సొంతూరు గుడివాడ వైపు. భర్త ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో ఇంజినీరు కావడంతో వచ్చి, కంపెనీ క్వార్టర్స్‌లో స్థిరపడ్డారు. మనిషి బాగా పొట్టి. పేషెంటు కుర్చీ పక్కన చెక్కపీట వేయించుకుని, దాని మీద నిలబడి పని చేసేవారు. ఆ పీటను ఎవరైనా కాలితో పక్కకు తోస్తే మాత్రం ఊరుకునేవారు కాదు. గంజి పెట్టిన నేత చీర, పైన తెల్లకోటు, ముక్కు చివర కళ్లద్దాలు. "జెర" అనే మాట ఇక్కడికి వచ్చాకే నేర్చుకున్నారు. "జెర నోరు తెరువమ్మా, మరి కాస్త తెరువు" అని ఆమె కోస్తా యాసలో సాగదీస్తుంటే పేషెంట్లు నవ్వేవాళ్లు. నవ్వితే నోరు ఎలాగూ తెరుచుకుంటుంది, ఆమెకు కావలసిందీ అదే.

నాది చిట్కుల్. మా నాయన వ్యవసాయం చేసి చేసి, బోర్లు ఎండిపోయాక ఇస్నాపూర్ దగ్గర ఫ్యాక్టరీలో చేరాడు. తొంభైల మధ్యలో నాకు డెంటల్ సీటు వస్తే ఊళ్లో వాళ్లు సంతోషపడటానికి బదులు పరామర్శకు వచ్చారు. "అసలు డాక్టర్ సీటు రాలేదా బిడ్డా? పోనీ తియ్యి, పండ్ల డాక్టరన్న అయితవ్" అని ఓదార్చారు. నాకు ముక్కు మీదే కోపం. ఆ కోపంతోనే కాలేజీలో అడుగు పెట్టాను. అక్కడ ఇంగ్లీషు గలగలా మాట్లాడే సిటీ పిల్లల మధ్య నోరు మెదపకుండా వెనక వరసలో కూర్చునేదాన్ని.

తీగ వంచే మొదటి క్లాసు నాకు నిన్నటిలాగే గుర్తుంది. వంకర పళ్లను నెట్టేందుకు అంగిట్లో పెట్టే ప్లేటు అంటే ప్రాణమంతా తీగలోనే ఉంటుంది. సన్నటి ఉక్కుతీగను ప్లయర్‌తో పట్టి, బొటనవేలితో నొక్కుతూ, చిన్న చిన్న చుట్టలు తిప్పాలి. తీగను వంచేది ప్లయర్ అనుకుంటారు కొత్తవాళ్లు. ప్లయర్ పట్టుకునేదే, వంచేది బొటనవేలు. నేను వంచిన తీగ ముడుచుకుపోయింది. మేడం వచ్చి నా చెయ్యి పట్టుకుని చూశారు. నా కుడి బొటనవేలి మీద పెద్ద మచ్చ ఉంది.

"ఇదేమిటమ్మాయ్?"

"కొడవలి తెగింది మేడం. చిన్నప్పుడు గడ్డి కోస్తుంటే."

సిటీ పిల్లలు కిసుక్కున నవ్వారు. మేడం వాళ్ల వైపు చూడనైనా చూడలేదు. నా వేలిని అటూ ఇటూ తిప్పి, "ఈ వేలు పని చేసిన వేలు. దీనికి నేర్పడం తేలిక. పేరేమిటి నీది?" అన్నారు. సునీత అన్నాను. "ముందుకొచ్చి కూర్చో సునీతా. రేపటి నుంచి నీ చోటు ఇదే." ఆ రోజు బస్సులో నిలబడి ఇంటికి పోతూ ఆ మచ్చను ఎన్నిసార్లు చూసుకున్నానో! అప్పటిదాకా దాన్ని పిడికిట్లో దాచుకునేదాన్ని.

ఆమె దగ్గర ఒక వింత కట్టుబాటు ఉండేది. ఎవరు ప్లేటు తయారు చేసినా, పేషెంటుకు పెట్టే ముందు తన నోటికి ఒకటి చేసుకుని, ఒక రోజంతా పెట్టుకుని తిరగాలి. దానితోనే తినాలి, దానితోనే మాట్లాడాలి, దానితోనే ఇంటికి వెళ్లాలి. ఇంకే కాలేజీలోనూ ఈ చాదస్తం లేదని మాలో మేము సణుక్కునేవాళ్లం. నా వంతు వచ్చిన రోజు ప్లేటు పెట్టుకుని ఇంటికి వెళ్లాను. మాటలన్నీ నత్తిగా వస్తున్నాయి, నోరంతా చొంగ. మా అమ్మ బియ్యం చెరుగుతున్నదల్లా చాట పక్కన పెట్టింది.

"ఏందే, నోట్ల బెల్లంగడ్డ పెట్టుకున్నవా? గట్ల మాట్లాడుతున్నవ్?"

"మేదం పెత్తుకొమ్మన్నదే అమ్మా."

"మంచిగున్న పండ్లకు ఇనుపతీగె ఎందుకే? మీ మేడంకు ఏం పని లేదా?"

మర్నాడు ఈ ముచ్చట చెబితే మేడం పొట్ట పట్టుకుని నవ్వారు. తర్వాత అన్నారు: "మీ అమ్మ అడిగిందే, పేషెంటు మనసులోనూ ఉంటుందమ్మా. పైకి అడగరు, అంతే. తీగ కొస ఎక్కడ గుచ్చుకుందో చెప్పు." నాలుక పక్కన గుచ్చుకుందన్నాను. "ఇక జన్మలో అక్కడ కొస వదలవు" అన్నారు. నిజమే, ఇంతవరకూ వదలలేదు.

చదువైపోయాక ఆమె విభాగంలోనే పెద్ద చదువుకు చేరాను. ఇంకెక్కడికీ పోవాలనిపించలేదు. సాయంత్రాలు గాలి మళ్లితే ఫ్యాక్టరీల ఘాటు వాసన కిటికీల్లోంచి కొట్టేది. లోపల ప్లేట్లకు వాడే ద్రవం వాసన దానికి ఏమీ తీసిపోదు. "బయటిది వాళ్ల వాసన, లోపలిది మన వాసన. మనదే నయం" అని నవ్వుతూ కిటికీలు మూసేవారు మేడం. అవి నా జీవితంలో మంచి రోజులని అప్పుడు నాకు తెలియదు.

కర్దనూర్ నుంచి స్వరూప అనే అమ్మాయి వచ్చేది. పదో తరగతి. పైపళ్లు బాగా ముందుకు ఉండేవి. మాట్లాడితే చాలు, చెయ్యి నోటికి అడ్డం వచ్చేది. మేడం అంటే ఆ పిల్లకు ప్రాణం. ఒక రోజు మేడం పీట మీద నిలబడి, స్వరూప పళ్లకు తీగ కడుతున్నారు. నేను పక్కన ఉన్నాను. మండుటెండల రోజులు. ఫ్యాన్ తిరుగుతున్నా చెమటలు కారుతున్నాయి. మేడం చేతిలోని ప్లయర్ పంటికి తగిలి టకటకమని చప్పుడైంది. ఆగారు. మళ్లీ పెట్టారు. మళ్లీ టకటక.

స్వరూప కళ్లెత్తి చూసింది. "మేడం, మీకు సలి పెడుతుందా? ఫ్యాన్ బంద్ చెయ్యమందునా?"

మేడం ప్లయర్ పక్కన పెట్టారు. "అవునమ్మా, కాస్త చలిగానే ఉంది" అని, మెల్లగా పీట దిగి, "సునీతా, నువ్వు పూర్తి చెయ్యి" అన్నారు.

పని ముగించి వెళ్లేసరికి ఆమె నల్లా కింద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నారు. కడుక్కోవడం లేదు, ఊరికే పెట్టుకుని ఉన్నారు.

"చూశావుగా" అన్నారు.

"డాక్టర్‌కు చూపించుకున్నరా మేడం?"

"చూపించాను. వణుకు జబ్బే. తగ్గేది కాదట, మెల్లగా పెరుగుతుందట."

"గట్లెట్ల మేడం! మందులుంటయ్ గదా! ఇంకో డాక్టర్‌కు చూపిద్దాం!" కోపం తన్నుకొచ్చింది నాకు. ఎవరి మీదో తెలియదు.

"మందులున్నాయిలే. కొన్నాళ్లు నెట్టుకురావచ్చు. నా బెంగ అది కాదమ్మా." నల్లా కట్టేసి, చీర కొంగుతో ఒక్కో వేలూ తుడుచుకున్నారు. "నోటితో చెప్పగలిగిందంతా పుస్తకాల్లో ఉంది. చెప్పలేనిది ఈ వేళ్లలో ఉంది. వేళ్లు పోతే అదీ పోతుంది. ఇవి ఉండగానే తీసిపెట్టాలి."

అలా మొదలైంది మా వీడియోల పని. రెండువేల సంవత్సరం దాటిన కొత్త. కాలేజీలో కంప్యూటర్ గది అప్పుడే తెరిచారు. సారు, అంటే మేడం భర్త, చిన్న వీడియో కెమెరా కొనుక్కొచ్చారు. చేతిపని సినిమా చూస్తే వస్తుందా అని తోటి డాక్టర్లు ఎగతాళి చేశారు. మేడం పట్టించుకోలేదు. "బల్ల చుట్టూ క్లాసంతా మూగితే వెనకున్న పొట్టిపిల్లకు నా తలకాయ తప్ప ఏం కనిపిస్తుంది? పొట్టిదాని బాధ నాకు తెలుసు. పైగా కంప్యూటర్ ఎన్నిసార్లు అడిగినా విసుక్కోదు, నేను విసుక్కుంటాను" అనేవారు.

ఆదివారాలు ల్యాబులో కిటికీ దగ్గరకు బల్ల జరిపి, మీద నల్లగుడ్డ పరిచేవాళ్లం. మాత్ర వేసుకున్న తర్వాత కొంతసేపు ఆమె చేతులు నిలకడగా ఉండేవి. ఆ కాస్త వ్యవధిలోనే తీయాలి. ఎదురుగా కెమెరాతో నేను. సరిగ్గా చుట్ట తిప్పే సమయానికి ఫ్యాక్టరీ సైరన్ కూసేది, లేకపోతే హైవే మీద లారీ హారన్ కొట్టేది. సారు ఫ్లాస్కులో టీ తెచ్చి, "ఏం డైరెక్టరమ్మా, మీ హీరోయిన్‌కు టీ ఇవ్వచ్చా?" అని నన్ను ఆటపట్టించేవారు. ఏడాది పైగా పట్టింది. ఆమెకు తెలిసిన ప్రతి తీగా, ప్రతి చుట్టా తీశాం. పటాన్‌చెరులో సీడీలు చేయించి కంప్యూటర్ గదిలో పెట్టిన రోజు మేడం అందరికీ లడ్డూలు పంచారు. అప్పటికే మాత్ర పనిచేసే సమయం తగ్గిపోతోంది. అయినా, "ఇక నా చేతులు ఏమైనా పర్లేదు" అన్నారు.

సీడీలు చూసి నేర్చుకున్న మొదటి బ్యాచికి ప్రాక్టికల్ పెట్టాం. నేను వరసల మధ్య తిరుగుతున్నాను. ఎక్కడో తేడాగా అనిపిస్తోంది, ఏమిటో తెలియడం లేదు. రెండో వరస చివరికి వచ్చాక తెలిసింది. క్లాసు మొత్తం ప్లయర్‌ను ఎడమచేత్తో పట్టుకుంది.

"ఏందిది? కాలేజీ కాలేజంత ఎడమచేతి వాటం అయిందా?" అని అరిచాను.

ఒక పిల్ల భయపడుతూ లేచి నిలబడింది. "సీడీల పెద్ద మేడం గట్లనే పట్టుకున్నరు మేడం."

నేను కెమెరా పెట్టింది మేడం ఎదురుగా. తెర మీద ఆమె కుడిచెయ్యి ఎడమ వైపు కనిపిస్తుంది. పిల్లలు తెరలో ఎటు కనిపిస్తే అటు చేతిలోకి తీసుకున్నారు. చుట్టలన్నీ అడ్డంగా, ఎదురు వైపుకు తిరిగాయి. అలా తిరిగిన స్ప్రింగుకు పన్నును సరిగ్గా నెట్టే బలం ఉండదు. ఏళ్ల తరబడి మేడం ఎదుటివాళ్లకు చూపించే నేర్పారు. కానీ చూపించాక ఒక్కొక్కరినీ తన భుజం వెనక్కి పిలిచి, "ఇప్పుడు నా కళ్లతో చూడు" అనేవారు. కెమెరాను అలా వెనక్కి పిలవాలని ఆమెకూ తోచలేదు, నాకూ తోచలేదు.

చెప్పగానే మేడం పకపకా నవ్వారు. "మన జిల్లాకు ఎడమచేతి డాక్టర్లను తయారుచేశామన్నమాట!" నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నారు. బొమ్మను కంప్యూటర్‌లో అటుదిటు తిప్పేస్తే సరిపోదా అన్నారు సారు. తిప్పి చూశాం. చేతులు సరైన వైపుకు వచ్చాయి గాని, బొటనవేలు తీగను ఎక్కడ నొక్కుతోందో ఎదురుగా చూస్తే కనిపించదు. పనంతా అక్కడే ఉంది. మేడం నవ్వు ఆగిపోయింది. ఒళ్లో పెట్టుకున్న చేతుల వైపు చూసుకున్నారు. అవి కొంగు కింద వణుకుతూనే ఉన్నాయి. "మళ్లీ తీయాలి కదూ" అన్నారు చిన్నగా.

మళ్లీ ఆదివారం. మళ్లీ నల్లగుడ్డ. ఈసారి నేను కెమెరాతో ఆమె భుజం వెనక ఉన్నాను. మాత్ర వేసుకున్నారు, ఎదురుచూశాం. తీగ పట్టుకున్నారు. జారింది. మళ్లీ పట్టుకున్నారు. ప్లయర్‌లో తీగ కొస గాలికి కదిలినట్టు కొట్టుకుంటోంది. ఎన్నిసార్లు ప్రయత్నించారో! పళ్లు బిగపట్టి, చెమటలు కక్కుతూ, ఒక చిన్న చుట్ట కోసం. నేను ఎప్పుడో కెమెరా ఆపేశాను, ఆమెకు చెప్పలేదు. చివరికి ప్లయర్‌ను గుడ్డ మీద పెట్టేశారు. "అయిపోయిందమ్మా" అన్నారు. సారు ఫ్లాస్కు పట్టుకుని కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు. ఆ గదిలో ముగ్గురం ఉన్నాం, ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

చాలాసేపటికి ఆమే లేచారు. "కెమెరా ఆయనకివ్వు. నువ్విలా వచ్చి కూర్చో."

"నేనా?"

"నీ చేతులు నాకివ్వు. నేను చెబుతాను, నువ్వు తిప్పు."

"వద్దు మేడం. మీ చేతులెక్కడ, నా చేతులెక్కడ! అందరు మీ పని జూడాలె గాని నాది గాదు."

"పిచ్చిపిల్లా, పన్నుకేం తెలుస్తుందమ్మా ఎవరి చెయ్యో? కూర్చో."

కూర్చున్నాను. నా వెనక పీట వేసుకుని నిలబడి, నా భుజం మీద చెయ్యి వేశారు. ఆ వణుకు నా భుజంలోంచి ఒళ్లంతా పాకింది. నా చేతుల్లోకి మాత్రం రానివ్వకూడదని ఊపిరి బిగబట్టాను. ఆమె గొంతు మొదలైంది: "ఇప్పుడు నేను తీగను ప్లయర్ కొసన పట్టుకున్నాను. ఇప్పుడు నేను బొటనవేలితో నొక్కుతున్నాను. తొందర లేదు. ఇప్పుడు నేను తిప్పుతున్నాను." "నేను" అంటున్నారు ఆమె. తిప్పుతున్నవి నా వేళ్లు. తప్పు వైపు పోబోతే భుజం మీద వేళ్లు నొక్కుకునేవి. నా కళ్లలోంచి నీళ్లు టపటపా తీగ మీద పడ్డాయి. "కట్ చెయ్యండి. హీరోయిన్ ఏడుస్తోంది" అన్నారు మేడం. సారు నవ్వబోయి దగ్గారు. అలా ఒక్కొక్కటీ మళ్లీ తీశాం. చివరి వీడియోల నాటికి ఆమె గొంతు కూడా సన్నబడింది. చెవి ఒగ్గి వింటే గాని వినిపించదు.

సారు రిటైరయ్యాక క్వార్టర్స్ ఖాళీ చేశారు గాని గుడివాడ పోలేదు. "నా పేషెంట్లు ఎదురైతే చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వుతారు, అక్కడ నాకెవరు నవ్వుతారు?" అని పటాన్‌చెరులోనే చిన్న ఇంట్లో ఉండిపోయారు. వీలైనప్పుడల్లా వెళ్లేదాన్ని. జబ్బు ముదిరింది, జ్ఞాపకమూ చెదిరింది. ఒక్కోసారి నన్ను పేరు పెట్టి పిలిచేవారు, ఒక్కోసారి ఎవరమ్మా నువ్వు అనేవారు. ఆఖరిసారి వెళ్లినప్పుడు లాప్‌టాప్ తీసుకెళ్లి ఆ వీడియో పెట్టాను. తన గొంతు విని మేడం తల తిప్పారు. తెర మీద చేతులు తీగను తిప్పుతున్నాయి. రెప్ప వేయకుండా చూశారు. ఆ ముఖంలో ఎన్నాళ్లకో వెలుగు వచ్చింది.

"చూశావా అమ్మాయ్" అన్నారు మాటలు కూడబలుక్కుంటూ. "నా చేతులు... అప్పుడు ఎంత నిలకడగా ఉండేవో."

సారు నా వైపు చూశారు. తెర మీద బొటనవేలి మచ్చ స్పష్టంగా కనిపిస్తోంది. నా బొటనవేలిని కొంగు కింద దాచుకున్నాను.

"అవును మేడం" అన్నాను. "మీ చేతులసొంటి చేతులు నేనింకెక్కడ చూడలే."

ఆమె సంతోషంగా కళ్లు మూసుకున్నారు. తర్వాత కొద్ది రోజులకే సారు ఫోన్ చేశారు. నేను వెళ్లేసరికి గుమ్మంలో స్వరూప నిలబడి ఉంది. చెయ్యి అడ్డం పెట్టుకోకుండా, నోరు తెరిచి ఏడుస్తోంది.

మొన్న అరచేతిలో ప్లాస్టర్ చల్లారాక విప్పి, ఆ పళ్ల అచ్చును నిఖిల ముందు పెట్టాను. తీగ మాత్రం నువ్వే వంచు, చూసి నేర్చుకో అన్నాను. ఆ పిల్ల ఫోన్‌లో పాత వీడియో పెట్టుకుంది. సీడీలు పోయి చాలా కాలమైంది, అవన్నీ ఇప్పుడు పిల్లల ఫోన్లలో ఉన్నాయి. సన్నటి గొంతు, వెనక ఎక్కడో ఫ్యాక్టరీ సైరన్. "ఇప్పుడు నేను తిప్పుతున్నాను, తొందర లేదు." నిఖిల కుడిచేత్తో ప్లయర్ పట్టుకుని చూస్తూ చూస్తూ ఆగింది.

"మేడం, ఈ గొంతు పెద్ద మేడంది కదా. చేతులెవరివి?"

"రాజ్యలక్ష్మి మేడంవే" అన్నాను.

ఆ పిల్ల తెర మీది మచ్చను చూసింది. అచ్చు పక్కన బల్ల మీదున్న నా బొటనవేలిని చూసింది. ఈసారి నేను వేలు దాచుకోలేదు.